అన్నపురెడ్డిపల్లి బడి మనకు చెప్పేది
(సొసైటీ వార్షిక సభలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏటా ఈ సభలో జమాఖర్చులు చదువుతాం, దాతలకు శాలువాలు కప్పుతాం. ఈసారి దానికి ముందు మన జిల్లాలోని ఒక బడి గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

అన్నపురెడ్డిపల్లి మీకందరికీ తెలిసిన ఊరే. అక్కడి సాంఘిక సంక్షేమ గురుకులంలో సాధనపల్లి ఆనంద్ కుమార్ అనే అబ్బాయి చదివాడు. సొంతూరు చర్ల మండలం కలివేరు. తండ్రి సైకిల్ మెకానిక్. 2014 మే 25న, తెలంగాణ ఏర్పడటానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, ఆ అబ్బాయి ఎవరెస్టు శిఖరం ఎక్కాడు. అతనితో పాటు నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ కూడా ఎక్కింది. ఆమెకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమెదీ గురుకుల చదువే, తల్లిదండ్రులు కూలీలు.

ఆ పిల్లలు ఒక్కరోజులో శిఖరానికి చేరలేదు. భువనగిరి కొండ మీద తాళ్లు పట్టుకుని ఎక్కడం నేర్చుకున్నారు. డార్జిలింగ్ వెళ్లారు, లడఖ్ చలికి ఓర్చుకున్నారు. వాళ్లను గుర్తించిన ఉపాధ్యాయులు, నేర్పిన కోచ్, ఖర్చు భరించిన సంస్థ, అన్నీ సమయానికి అందాయి.

గురుకుల చదువు మన రాష్ట్రంలో కొత్త కాదు. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. మన ఖమ్మం జిల్లా కిష్టాపురం నుంచి వెళ్లి ఆ బడిలో చదివిన మహేందర్ రెడ్డి గారు తర్వాత రాష్ట్ర డీజీపీ అయ్యారు. 2016 నుంచి మైనారిటీ గురుకులాలు కూడా వచ్చాయి. ఆ సంఖ్య 204కు చేరింది. చదువు, భోజనం, వసతి ఉచితం.

మరి మన సొసైటీకి పనేముంది అని ఎవరైనా అడగవచ్చు. దానికి జవాబుగా మా తప్పు ఒకటి మీ ముందు పెడుతున్నాం.

మొన్నటి ఏడాది మన పట్టణంలోనే ఒక అమ్మాయి మంచి మార్కులతో పది పాసైంది. దూరపు ఊళ్లో హాస్టల్‌తో సహా ఇంటర్ సీటు వచ్చింది. ట్రంకు పెట్టె, దుప్పట్లు, బట్టలు, దారి ఖర్చులు కావాలి. మహా అయితే కొన్ని వేలు. వాళ్ల అబ్బా మా దగ్గరికి వచ్చాడు. మేము "వచ్చే మీటింగ్‌లో పెడతాం భాయ్" అన్నాం. మీటింగ్ నెల తర్వాత జరిగింది. అప్పటికి చేరే గడువు దాటిపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చుంటోంది. ఆ ఏడాది రంజాన్‌లో మేము పంచిన రేషన్ కిట్ల ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి.

కిట్లు మానేయమని మేము అనడం లేదు. ఆకలికి ఆలస్యం పనికిరాదు. కానీ చదువుకు కూడా ఆలస్యం పనికిరాదని మనం ఒప్పుకోవాలి.

ఒకప్పుడు పాల్వంచలో తండ్రి కేటీపీఎస్‌లో పనిచేస్తే కొడుకుకీ ఏదో ఒక పని దొరుకుతుందన్న ధీమా ఉండేది. 1966లో మొదలైన ఆ పాత ప్లాంటు మూతపడింది. 2024 ఆగస్టు 5న ఎనిమిది కూలింగ్ టవర్లు నేలమట్టమవడం మనం కళ్లారా చూశాం. ఆ ధీమా కూడా వాటితోనే పోయింది. ఇక మన పిల్లలకు మిగిలిన ఆస్తి చదువే.

అందుకే మూడు విషయాలు సభ ముందు పెడుతున్నాం. మొదటిది, చదువు కోసం వేరే ఖాతా. జకాత్‌కు అర్హులైన పేద పిల్లలకు, ఉలమాను అడిగి, జకాత్ నుంచి ఇద్దాం. సదకా, చందాల నుంచి పక్కింటి కోయ పిల్లకైనా, లంబాడీ పిల్లవాడికైనా ఇద్దాం. రెండోది, దరఖాస్తు వచ్చిన మూడు రోజుల్లో ముగ్గురు సభ్యులు కూర్చుని తేల్చాలి, మీటింగ్ కోసం ఆగకూడదు. మూడోది, సాయం పొందిన ప్రతి పిల్లకీ ఒక సభ్యుడు తోడుండాలి. ఆదాయ సర్టిఫికెట్ దగ్గర నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఆ బాధ్యత ఆయనదే.

ఆడపిల్ల పెళ్లికి షాదీ ముబారక్ కింద ప్రభుత్వం 1,00,116 రూపాయలు ఇస్తోంది. కనుక పెళ్లిళ్లకు మనం తీసిపెట్టే సొమ్ములో కొంత ఆమె చదువుకు మళ్లిస్తే ఎవరికీ లోటు రాదు.

అందరూ ఎవరెస్టు ఎక్కనక్కర్లేదు. సీటు వచ్చిన పిల్ల గడువులోగా బడి గేటు దాటితే చాలు. ఆ దారి ఖర్చు మనది.