ఆహార చీటీ – మన అమానతు

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, అనుచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా దీర్ఘమైన ఆయతు బఖరా సూరాలోని 282వ ఆయతు. అది స్వర్గాన్ని గురించో, నరకాన్ని గురించో కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గడువుతో సహా వ్రాసుకోవాలనీ, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలనీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా విసుగు చెందరాదనీ ఆదేశించే ఆయతు అది. దానికి కొద్దిగా ముందు, అదే సూరాలో, 271వ ఆయతు బహిరంగ దానం మంచిదేనంటూనే పేదలకు గుప్తంగా ఇవ్వడం మరింత మేలని బోధిస్తుంది. 273వ ఆయతు ఆత్మాభిమానం వల్ల చేయి చాచలేని పేదలను మన ముందుంచుతుంది. వారి స్థితి ఎరుగనివాడు వారిని కలవారే అనుకుంటాడు. లెక్క వ్రాయాలి, ముఖం దాచాలి. ఈ రెండు బోధనలూ పక్కపక్కనే ఉన్నాయి. మన బైతుల్‌మాల్‌లో ఈ రెండూ ఒకేసారి నెరవేరే మార్గమేమిటన్నదే నేటి ప్రసంగ విషయం.

రమజాన్ రాగానే అనేక ఊళ్ళలో కనిపించే దృశ్యం మనకు కొత్త కాదు. వేదిక వెనుక బ్యానరు, ముందు బారులు తీరిన స్త్రీలు, సంచి అందుకునే క్షణంలో ఫోటో. సాయంత్రానికి ఆ ఫోటో వాట్సాప్‌లో వంద గుంపులకు చేరుతుంది. మరుసటి రోజు ఆ తల్లి బిడ్డ బడికి వెళ్ళాలి, తోటి పిల్లల ఫోన్లలో ఆ ఫోటో ఉంటుంది. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియకుండా దానం చేసినవానికి ప్రళయదినాన దైవఛాయ లభిస్తుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఎడమచేతికే తెలియరానిది ఊరంతటికీ ఎలా తెలుస్తున్నది? అదే సమయంలో ఎన్ని సంచులు ఎవరికి చేరాయని అడిగితే జవాబు దొరకదు. ఒకే ఇంటికి మూడు మస్జిదుల నుండి సంచులు అందుతాయి. మస్జిదు వెనుక సందులోని ఇంటికి ఒక్కటీ చేరదు. దాచవలసింది వెల్లడై, వెల్లడించవలసింది మరుగున పడుతుంది.

సంచికి బదులు చీటీ ఇవ్వడం ఇందుకొక పరిష్కారం. ఆ పద్ధతి కష్టమైనది కాదు. అర్హత విచారించిన ప్రతి కుటుంబానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య గల సంకేతం, అనగా క్యూఆర్ గుర్తు, వారి ఫోనుకో, అట్టముక్కపైనో అందుతుంది. ఒప్పుకున్న కిరాణా దుకాణదారుడు దానిని తన ఫోనుతో చూసి, ఎంత మొత్తానికి సరుకు ఇచ్చాడో నమోదు చేస్తాడు. వారం చివర అతనికి డబ్బు ఖాతాలో పడుతుంది. దుకాణంలో ఆమె అందరిలాంటి కొనుగోలుదారు. రేషను బియ్యం ఉన్న ఇంటికి మళ్ళీ బియ్యమే మోయించడం ఎందుకు? ఆమెకు కావలసింది నూనె కావచ్చు, పప్పు కావచ్చు, పసిబిడ్డకు పాలు కావచ్చు. తన ఇంటి అవసరం తానే నిర్ణయించుకోవడం కూడా గౌరవమే. ఇక రెండు మూడు మస్జిదులు ఒకే పట్టికను ఉపయోగిస్తే ఒకరికే మూడుసార్లు అందడం, ఒకరికి అసలే అందకపోవడం తగ్గుతుంది.

మన దేశంలో 2021 ఆగస్టు 2న ప్రారంభమైన ఈ-రూపీ కూడా ఇటువంటి చీటీయే. నిర్ణీత వ్యక్తికి, నిర్ణీత అవసరానికి మాత్రమే అది చెల్లుతుంది. జోర్డాన్‌లోని అజ్రఖ్ శిబిరంలో సిరియా శరణార్థులు దుకాణంలో కంటిపాపను చూపి ఆహారం కొనుక్కునే ఏర్పాటును ప్రపంచ ఆహార కార్యక్రమం చేసింది. మన మస్జిదుకు అంతటి యంత్రాంగం అక్కరలేదు. ఒక ఫోను, ఒక పట్టిక, నమ్మకస్తులైన ఇద్దరు మనుషులు చాలు.

సోదరులారా! ఆహార చీటీ నేటి వింత కాదు. మర్వాన్ బిన్ హకమ్ పాలనలో, మదీనాకు రేవుగా ఉన్న అల్-జార్ ధాన్యం కోసం ప్రజలకు చీటీలు ఇచ్చేవారు. వాటిని సుకూక్ అనేవారు. ధాన్యం చేతికి రాకముందే కొందరు ఆ చీటీలను అమ్మడం, కొనడం మొదలుపెట్టారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) మరొక సహాబీతో కలిసి వెళ్ళి, వడ్డీని హలాల్ చేస్తున్నావా అని మర్వాన్‌ను నిలదీశారు. మర్వాన్ భటులను పంపి, చేతులు మారిన చీటీలను తిరిగి హక్కుదారులకు ఇప్పించాడు. ఇమామ్ మాలిక్ తన మువత్తాలో ఈ సంఘటనను నమోదు చేశారు. వెయ్యి రూపాయల చీటీ తీసుకుని ఎనిమిది వందలు చేతిలో పెట్టే దుకాణదారుడు ఈనాడూ ఉండగలడు. చీటీ తెచ్చినవారికి ధర పెంచి అమ్మేవాడూ ఉండగలడు. ఫోనులోని పట్టిక మొత్తాన్ని చూపుతుంది గాని ఈ మోసాన్ని చూపదు. ఎవరో ఒకరు అప్పుడప్పుడు ఆ ఇళ్ళకు వెళ్ళి ఏం కొన్నారు, ఎంతకు కొన్నారు అని మెల్లగా అడగవలసిందే.

మరొక సూక్ష్మమైన విషయం. జకాత్ చెల్లాలంటే పేదవానిని దానికి యజమానిని చేయాలని హనఫీ ధర్మవేత్తల నిర్ణయం. దీనినే తమ్‌లీక్ అంటారు. సంకేతం పంపినంత మాత్రాన బాధ్యత తీరదు, సరుకు ఆమె చేతికి అందాలి. గడువు దాటి మిగిలిన చీటీ మొత్తం కమిటీకి ఆదా కాదు. ఆమె ఎందుకు రాలేదు? జబ్బు పడిందా, సందేశం చదవలేకపోయిందా? మిగిలిన ప్రతి చీటీ ఒక ఇంటి తలుపు తట్టమని మనకు వచ్చిన కబురు. జకాత్, ఫిత్రా, సదఖా మొత్తాలను పట్టికలో వేరువేరుగా ఉంచాలి. సదఖాతో ముస్లిమేతర పొరుగువారికీ చీటీ ఇవ్వవచ్చు. సందేహం కలిగిన చోట ముఫ్తీ గారిని అడిగి సాగాలి.

అన్నిటికన్నా భయపడవలసింది ఆ పట్టికను గురించే. అందులో వితంతువుల పేర్లు, ఫోను సంఖ్యలు, ఇళ్ళ గుర్తులు ఉంటాయి. బంగ్లాదేశ్‌లో రొహింగ్యా శరణార్థుల నుండి సహాయం పేరిట సేకరించిన వివరాలు, వారు ఏ ప్రభుత్వం నుండి పారిపోయి వచ్చారో ఆ మియన్మార్ ప్రభుత్వానికే చేరాయని 2021 జూన్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ వెల్లడించింది. అన్నం కోసం ఇచ్చిన వేలిముద్ర అది. కాబట్టి అక్కరలేనిది అడగనే వద్దు. ఆధార్ ప్రతి ఎందుకు? ఫోటో ఎందుకు? పేర్లు గల పుస్తకం ఒకరి వద్ద, సంఖ్యలు గల పట్టిక మరొకరి వద్ద ఉండనీయండి. దుకాణదారుడికి సంఖ్య తప్ప పేరు తెలియవలసిన పని లేదు. చందా ఇచ్చినవారికి ప్రతి నెలా మొత్తాలు ప్రకటించాలి, పేర్లు కాదు.

ఫోను లేని వృద్ధురాలు ఉంటుంది. ఫోను కొడుకు చేతిలో, కొడుకు తాగుడు చేతిలో ఉన్న ఇల్లూ ఉంటుంది. కూలిపనిలో వేలిగీతలు అరిగిపోయినవారు ఉంటారు. వారికి సంఖ్య వేసిన అట్టముక్క చాలు. యంత్రం కాదన్నదని ఆకలిగొన్నవారిని వెనుకకు పంపే అధికారం ఎవరికీ లేదు.

నమాజు ముగిసిన తరువాత కొద్దిసేపు ఆగండి. పట్టిక తయారు చేయగల యువకులు ఇద్దరు, కిరాణా ధరలు ఎరిగిన పెద్దమనిషి ఒకరు కావాలి. ఇళ్ళలోకి వెళ్ళి మాట్లాడగల సోదరీమణుల పేర్లను మీ ఇంటివారిని అడిగి అసర్ లోగా తెలియజేయండి. చీటీ కావలసిన ఇల్లు మీ ఎరుకలో ఉంటే ఇక్కడ అందరి ముందు చెప్పవద్దు. ఖతీబుకో, కార్యదర్శికో ఒంటరిగా చెప్పండి.

ఓ అల్లాహ్! మా చేతులలో ఉంచిన ఈ అమానతును హక్కుదారులకు చేర్చే శక్తిని మాకు ప్రసాదించు. ఆమీన్.