రోదసి నవలలు – ఇంటి దగ్గర ఉన్నవారు



ఈ పూట మీతో నాలుగు నవలల గురించి ముచ్చటించాలని వచ్చాను. నాలుగూ ఇంగ్లీషువే, ఆర్థర్ క్లార్కుగారు రాసినవి. పేర్లు సంవత్సరాలతో మొదలవుతాయి: 2001, 2010, 2061, 3001. రోదసి ప్రయాణాల కథలు మగపిల్లలకు గానీ మనకెందుకంటారేమో! వంటిల్లు సర్దుకున్నాక మధ్యాహ్నాలు చదివినవే ఇవన్నీ. అందుకే ధైర్యంగా చెబుతున్నాను.

క్లార్కుగారు 1917లో ఇంగ్లండులో పుట్టినా, 1956 నుంచి 2008లో పోయేదాకా ఉన్నది మన పొరుగున సింహళంలోనే. భూమితో సమంగా తిరిగే ఉపగ్రహాల ద్వారా లోకమంతటికీ ప్రసారాలు పంపవచ్చునని 1945లోనే ఒక వ్యాసం రాశారు. ముప్పై ఏళ్లకు ఆ ఊహ మా పాలమూరు దాకా వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికావారి ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ చూపించారు. అందులో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలూ ఉన్నవి. కోళ్లదడికి కట్టే జాలీతో చేసిన పెద్ద గొడుగులాంటి ఏరియల్. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం. అప్పుడే మన అంతరిక్ష సంస్థవారు కొలంబో వెళ్లి క్లార్కుగారింట్లోనూ ఒక ఏరియల్ బిగించి వచ్చారు. మా పల్లెలవాళ్లూ ఆయనా ఒకే ఉపగ్రహం పంపిన బొమ్మలు చూశారన్నమాట!

ఇక పుస్తకాల సంగతి. మొదటిది 1968లో వచ్చింది. చంద్రుడి మీద పాతిపెట్టిన ఒక నల్లని పలక బయటపడుతుంది. దాని సంకేతం పోయిన దిక్కుగా డిస్కవరీ అనే నౌక శనిగ్రహానికి బయల్దేరుతుంది. 1982 నాటి రెండో పుస్తకానికి వచ్చేసరికి, ఆ నౌక వెళ్లింది గురుగ్రహానికి అంటారు! సినిమాలో గురుగ్రహమే చూపించారు గదా. పైగా 1979లో వాయేజర్ నౌకలు గురుడి చందమామల ఫోటోలు పంపాయి. వాటిలో యూరోపా మీదంతా మంచుగడ్డే. ఆ వింత చూశాక శనిని వదిలేశారు. ఇవి ఒకదానికొకటి అతికిన సీరియల్ కావని ఆయనే చెప్పుకున్నారు. మనకు మాత్రం ఎన్ని రామాయణాలు లేవు!

నేను వీటిని పోల్చుకున్న లెక్క వేరు. ఇన్నేసి కోట్ల మైళ్లు పోయే మనిషికి ఇల్లనేది ఒకటి ఉంటుంది గదా, దాని మాటేమిటి?

మొదటి పుస్తకంలో ఫ్రాంక్ పూల్ పుట్టినరోజుకు ఇంటివాళ్లంతా కేకు చుట్టూ చేరి పాట పాడతారు. అది అతనికి వినిపించేది చాలాసేపటికి. అంతే, ఇల్లు మళ్లీ కనబడదు. ఫ్లాయిడ్ అనే పెద్దాఫీసరుకు భార్య చనిపోయింది గనుక ఆ గొడవా లేదు.

రెండోదానిలో రచయిత మారారు. నౌకకు కెప్టెను తాన్యా ఓర్లోవా అనే రష్యన్ ఆడమనిషి. మనుషుల్ని చంపిన హాల్ అనే కంప్యూటరుకు ఎందుకు మతి తప్పిందో చెబుతారు: నిజమే చెప్పవలసిన యంత్రాన్ని, వెంట ఉన్నవాళ్ల దగ్గర నిజం దాచమన్నారట. దాన్ని బాగుచేసేది చంద్ర అనే మన భారతీయుడు. అంతకంటె నన్ను పట్టింది కరోలిన్. ఫ్లాయిడ్ రెండో భార్య. పసివాడితో హవాయిలో ఉంటుంది. భర్త పోయింది ఏళ్ల తరబడి ప్రయాణం. గురుడి దగ్గరికి ఒక మాట పోయి జవాబు రావాలంటే గంట పైమాటే. పోట్లాడుకోవడానికైనా వీలు లేదు. చివరకు ఆయన అక్కడ ఉండగానే, ఇక విడిపోదామని కబురు పంపుతుంది. రచయిత ఆమెను తప్పుపట్టరు. పుస్తకం చివర గురుగ్రహమే రెండో సూర్యుడై వెలుగుతుంది గానీ, నాకు ఆ కబురే ఎక్కువగా గుర్తుండిపోయింది.

పాలమూరువాళ్లకు ఇది కొత్త కథ కాదు. మేస్త్రీ వెంట ఆనకట్టల పనికి దూరదేశం పోయినవాళ్లు పిల్లల్ని అవ్వ దగ్గర విడిచి పోయేవారు. తిరిగొచ్చిన తండ్రిని చూసి కొత్తవాడనుకుని అవ్వ కొంగు చాటున దాక్కున్న పిల్లలెందరో!

మూడోది 1987లో వచ్చింది. 1986లో వచ్చిపోయిన హేలీ తోకచుక్క మళ్లీ వచ్చేది 2061లో గదా, అప్పటి కథ. ఫ్లాయిడ్‌కు 103 ఏళ్లు. భూమి బరువుకు ఎముకలు తట్టుకోలేవని ఆకాశంలో తిరిగే ఆసుపత్రిలోనే కాపురం! తోకచుక్క మీదికి పోయినవాడు, యూరోపా మీద చిక్కుకున్న మనవడికోసం దారి మళ్లవలసి వస్తుంది. ఇందులో వజ్రపు కొండ కూడా ఉంది. చకచకా సాగుతుంది, అంతకుమించి ఏమీ లేదు.

నాలుగోది 1997లో వచ్చింది. ఆ ఫ్రాంక్ పూలే వెయ్యేళ్లకు దొరుకుతాడు, బతికిస్తారు కూడా. కేకు చుట్టూ పాడినవాళ్లలో ఒక్కరూ లేరు. ఆ దుఃఖం దగ్గర ఇంకాసేపు ఆగుతారనుకున్నాను. ఆకాశమంత ఎత్తు బురుజులు, కొత్త కొత్త యంత్రాలు చూపించడంలో పడిపోయారు.

పిల్లలకు కొనిపెడితే మొదటి రెండూ వరసగా ఇవ్వండి. మూడోది వేసవి సెలవులకు చాలు. నాలుగోది లైబ్రరీలో దొరికితే సరే, డబ్బు పోసి కొనవలసినంతది కాదు.