తోటి ప్రయాణికులు
(భక్తుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

యాత్రలో తోటివారి పట్ల మనకు గల బాధ్యతను గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా నిర్వాహకులు కోరారు. నేను శాస్త్రాలు చదివినవాడిని కాను. కనుక నేను చేసిన ఒక ప్రయాణాన్ని, అందులో నా వలన జరిగిన ఒక తప్పును మీకు విన్నవించుకుంటాను. అది తీర్థయాత్ర కాదు.

ఉద్యోగరీత్యా అమెరికాలో ఉన్న రోజులలో, ఒక ఫిబ్రవరి మాసంలో, ఆరుగురం తెలుగువారం ధ్రువకాంతులు చూడాలని అలాస్కాకు వెళ్లాము. నా మిత్రుడు, అతని తల్లిదండ్రులు, మరొక దంపతులు, నేను. ఫెయిర్‌బ్యాంక్స్‌కు ఉత్తరాన మొదలయ్యే డాల్టన్ రహదారి 1974లో చమురు గొట్టపు మార్గం కోసం వేసినది. పొడవు 666 కిలోమీటర్లు. ఆ దారిలో ప్రాస్పెక్ట్ క్రీక్ అనే చోట 1971 జనవరిలో సున్నాకు దిగువన 62 డిగ్రీల చలి నమోదైంది. మేము వెళ్లిన నాడు 34 డిగ్రీలు మాత్రమే. ‘మాత్రమే’ అని ఇప్పుడు అనగలుగుతున్నాను!

బయలుదేరే ఉదయం సామాను సర్దే పని నాకు అప్పగించారు. దారిలో బండి ఆగిపోతే కప్పుకోవడానికి మనిషికొకటి చొప్పున ఆరు స్లీపింగ్ బ్యాగులు తెచ్చుకున్నాము. నా కెమెరా పెట్టె పట్టలేదు. రెండు బ్యాగులు బసలోనే తలుపు వెనుక వదిలివేశాను. ఎవరికీ చెప్పలేదు.

యూకాన్ నది వంతెన దాటాము, ఆర్కిటిక్ వృత్తమూ దాటాము. ఎదురుగా వచ్చిన పెద్ద లారీ రేపిన మంచుపొడిలో దారి కనబడలేదు. అంచు అనుకున్నది మెత్తని మంచు. బండి ఒక ప్రక్కకు ఒరిగి దిగబడింది. పొగగొట్టం మంచులో కూరుకుపోవడంతో ఇంజను ఆపక తప్పలేదు. లేకుంటే విషవాయువు లోపలికి వస్తుంది. సెల్‌ఫోను అక్కడ పనిచేయదు. బండిలోని రేడియోలో పిలిచినా బదులు లేదు. ఉన్నది ఒక్క చిన్న పార. మిత్రుడు, నేను వంతులవారీగా తవ్వాము.

లోపల అద్దాలపై మా ఊపిరే మంచుగా పేరుకున్నది. ఆరుగురికి నాలుగు బ్యాగులు. “తక్కినవి ఏవి?” అని మిత్రుడు అడిగితే, “అడుగున ఎక్కడో ఉండి ఉంటాయి” అన్నాను. నా వంతు ముగించి వణుకుతూ లోపలికి వచ్చేసరికి అతని తల్లిగారు తాను కప్పుకున్నది తీసి నా మీద వేశారు. “మంచులో తవ్వి వచ్చావు నాయనా, కప్పుకో” అన్నారు. ఆమె వద్ద మిగిలింది ఒక శాలువ. నేను వద్దనలేదు.

సుమారు గంటకు ఒక లారీ ఆగింది. ఆ దారిలో ఆగిన బండిని పలకరించకుండా ఎవరూ పోరట. డ్రైవరు గొలుసు వేసి మమ్మల్ని పైకి లాగాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మా ఇంజను వేడెక్కేదాకా వెనుకనే నిలిచి, తరువాత వెళ్లాడు.

ఆ రాత్రి కోల్డ్‌ఫుట్‌లో ఆకాశమంతా పచ్చని కాంతి పరచుకున్నది. అందరూ బయటికి పరుగెత్తారు. నేను కెమెరా నిలబెట్టుకున్నాను. ఆ తల్లి మాత్రం కిటికీ వద్ద టీ కప్పును రెండు చేతులతో పట్టుకొని నిలుచున్నారు. వేళ్లకు ఇంకా స్పర్శ రాలేదని ఆమె భర్త చెప్పారు. చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

తిరిగి ఫెయిర్‌బ్యాంక్స్ బసకు చేరినప్పుడు తలుపు ముందుగా తీసినది ఆమే. నేను వెళ్లేసరికి ఆ రెండు బ్యాగులనూ ఒద్దికగా మడతపెడుతున్నారు. తల ఎత్తి చూసి ఒకే మాట అడిగారు:

“నాయనా, ఫోటోలు బాగా వచ్చాయా?”