ఓమందూరు రైతు ఇచ్చిన పట్టా - మన హాజరు పట్టీ
(గుడియాత్తంలో వేలూరు, గుడియాత్తం మిల్లు కార్మికుల సమావేశంలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన కోర్కెల సంగతి మాట్లాడే ముందు ఒక రైతు సంగతి చెప్పదలచుకున్నాం. మద్రాసు వెళ్ళినవాళ్ళు ఓమందూరార్ ఎస్టేట్ చూసే ఉంటారు. 2014 నుంచి అక్కడ పెద్ద సర్కారు ఆసుపత్రి నడుస్తోంది. ఆ పేరు ఓ.పి. రామస్వామి రెడ్డియార్‌ది.

ఆయన 1895లో దిండివనం దగ్గర ఓమందూరులో, తెలుగు మూలాలున్న రెడ్డియార్ల ఇంట పుట్టారు. సేద్యం చేసుకునే మనిషి. స్వాతంత్ర్య పోరాటంలో పనిచేశారు. 1947 మార్చి 23న, టంగుటూరి ప్రకాశం తర్వాత, మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే పిలిచేవారు. ఆ ఆగస్టు 15న ఆ కుర్చీలో ఉన్నది ఈ రైతే.

ఆయన రెండేళ్ళ పాలనలోనే దేవదాసీ ఆచారాన్ని నిషేధించారు. హరిజనులకు గుడి తలుపులు తెరిచే చట్టం చేశారు. 1948లో 26వ చట్టంతో జమీందారీలను రద్దు చేశారు. మనకు పడమటి దిక్కున కంగుంది, పుంగనూరు జమీలు ఉండేవి. అలాంటి చోట్ల జమీందారుకు శిస్తు కట్టిన రైతు, పట్టా పుచ్చుకుని నేరుగా సర్కారుకే కట్టసాగాడు.

మంచిని మంచి అన్నట్టే చెడునూ చెప్పాలి. ఆయన ప్రభుత్వ కాలంలోనే 1948లో కమ్యూనిస్టు నాయకులను, కార్మిక నాయకులను విచారణ లేకుండా నిర్బంధించారు. ఆ చట్టంలోనూ లోటు ఉంది. జమీందారుకు నష్టపరిహారం దక్కింది. లెక్కల్లో పేరున్న రైతుకు పట్టా దక్కింది. అదే పొలంలో నాగలి పట్టిన పాలేరుకూ, కలుపు తీసిన కూలి మనిషికీ సెంటు భూమి రాలేదు. ఎందుకంటే కాగితం మీద వాళ్ళ పేరు లేదు.

మన సంగతీ ఇంతే కదా! పదేళ్ళుగా స్పిన్నింగులో నిలబడి దారం అతికే బదిలీ కార్మికుడి పేరు హాజరు పట్టీలో ఉందా? కాంట్రాక్టు మీద వచ్చే ఆడపడుచుకు పి.ఎఫ్. నంబరు ఉందా? మిల్లుకు తాళం పడిన రోజున చెమట సాక్ష్యం చెప్పదు, కాగితమే చెబుతుంది.

రెడ్డియార్ 1949 ఏప్రిల్‌లో పదవి వదిలారు. తర్వాత వడలూరు చేరి సేవలో గడిపి, 1970లో అక్కడే కన్నుమూశారు. కుర్చీని పట్టుకుని వేళ్ళాడలేదు. అలాంటివాడు చేసిన చట్టం కూడా పేరు లేనివాడి దాకా రాలేదంటే, ఆ మిగిలిన దూరం నడవాల్సింది మనమే.

1954 ఉప ఎన్నికలో కామరాజ్‌ను గెలిపించి అసెంబ్లీకి పంపిన ఊరు మన గుడియాత్తం. మనిషిని పంపడం మనకు తెలుసు. పంపాక అడగడం కూడా నేర్చుకోవాలి. ఈ నెల జీతం చీటీ చేతికి రాగానే చూసుకోండి. చదవడం రానివారు పక్కవారితో చదివించుకోండి. పేరు లేకపోతే, నంబరు తప్పితే, వెంటనే యూనియన్ ఆఫీసుకు రండి. పర్మనెంటు కార్మికులు బదిలీవారి వెంట రావాలి. పట్టా ఉన్న రైతు పాలేరును మరచిన తప్పు మనం చేయకూడదు.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!