బీ ఫారం ఎవరి చేతిలో?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను ప్రజాస్వామ్యం గురించి మాట్లాడమన్నారు. భోజనాల వేళ దగ్గరపడింది, అంత పెద్ద మాట నేను ఎత్తుకోను. ఒక కాగితం గురించి చెప్పి కూర్చుంటాను. దాని పేరు బీ ఫారం.

నామినేషన్ల ఆఖరు రోజు మధ్యాహ్నం 3 గంటలలోపు పార్టీ సంతకంతో ఈ కాగితం రిటర్నింగ్ అధికారికి అందాలి. అందితే పార్టీ గుర్తు వస్తుంది. అందకపోతే ఇరవై ఏళ్లు జెండా మోసినవాడు కూడా ఇండిపెండెంటే. దీన్ని 1968 నాటి గుర్తుల ఉత్తర్వులో రాశారు. మరి ఆ కాగితం మీద ఎవరి పేరు ఉండాలో ఎవరు తేల్చాలి? పార్టీల రిజిస్ట్రేషన్‌కు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఏ సెక్షన్ ఉంది. అభ్యర్థిని కార్యకర్తల ఓటుతో ఎంచుకోవాలని మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. అది పూర్తిగా పైవాళ్ల ఇష్టం. సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు వాళ్లం మనం. పైన తూము తిప్పేవాడి దయ మీద బతకడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అమెరికా పిల్లలకు ఈ సంగతి వింతగా ఉంటుంది. అక్కడ పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికే ముందు ప్రైమరీ అని ఒక ఎన్నిక పెడతారు. సరే, అక్కడ అంతా సవ్యంగా ఉందా అంటే అదీ లేదు. 2020 ఎన్నికల ముందు ట్రంప్ మళ్లీ నిలబడుతున్నారని సౌత్ కరోలినా, నెవాడా, కాన్సస్, అరిజోనా వంటి రాష్ట్రాల్లో రిపబ్లికన్ పార్టీ వాళ్లు ఆ పోటీనే ఎత్తేశారు. సౌత్ కరోలినా మాజీ గవర్నర్ మార్క్ శాన్‌ఫర్డ్ 2019 సెప్టెంబరు 8న బరిలోకి దిగుతున్నానని ప్రకటించారు. ఆయన సొంత రాష్ట్రంలో ముందురోజే పోటీ రద్దయింది. ఖర్చు కలిసొస్తుందన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. కొందరు కోర్టుకెక్కినా ఫలితం లేకపోయింది. అవతలి పార్టీ తక్కువ తినలేదు. 2023 చివర్లో ఫ్లోరిడా డెమొక్రాట్లు బైడెన్ పేరు ఒక్కటే పంపారు. ఒకే పేరు ఉంటే అక్కడి చట్టం ప్రకారం ప్రైమరీ జరపరు. ఆ బైడెనే 2024 జులైలో తప్పుకున్నారు. వద్దనే మాట కార్యకర్తలు ముందే చెప్పే దారి మూసేస్తే, అదే మాట ఆఖరి నిమిషంలో చెప్పాల్సి వస్తుందని నా లెక్క.

అక్కడ రద్దు చేశారని గొడవ. మన దగ్గర రద్దు చేయడానికి అసలు ఉంటే కదా! మనకున్నది ‘సిట్టింగులకే సీట్లు’ అనే ఒక్క ప్రకటన.

గరికపాడు చెక్‌పోస్టు దాటి కోదాడ వెళ్దాం. 2023 ఆగస్టు 21న బీఆర్‌ఎస్ 119 స్థానాల్లో 115కి ఒకేసారి పేర్లు ప్రకటించింది. మార్చిన సిట్టింగులు ఏడుగురే. కోదాడలో ఉన్నాయనకే ఇచ్చారు, ఓడిపోయారు. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చినవి 39. ఆర్నెల్లు తిరగకుండా మన రాష్ట్రంలో వైఎస్సార్‌సీపీ అందుకు పూర్తిగా ఎదురు పని చేసింది. జాబితా మీద జాబితా వేసి సిట్టింగులను మార్చింది, పక్క నియోజకవర్గాలకు పంపింది. వచ్చినవి 175లో 11. ఏ పార్టీనీ వేలెత్తి చూపడానికి నేను ఇది చెప్పడం లేదు. ఉంచినా మార్చినా రెండూ ఒకే గదిలో జరిగాయి. మండలంలో కండువా వేసుకుని తిరిగినవాణ్ణి ఎవరూ అడగలేదు. సర్వే ఫోన్లు వస్తాయి కదా అంటారు. ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అంటే నొక్కుతాం. ఎంతమంది ఏది నొక్కారో మనకు చెబుతారా?

మన రెండు ఊళ్ల సంగతే చూడండి. జగ్గయ్యపేటలో 2009, 2014, 2019, 2024 నాలుగు ఎన్నికల్లోనూ ప్రధాన పోటీ శ్రీరాం రాజగోపాల్ గారికీ సామినేని ఉదయభాను గారికీ మధ్యే. మొదటి రెండూ ఆయన, తర్వాత ఈయన, మళ్లీ ఆయన. నందిగామలో 2019లోనూ 2024లోనూ మొండితోక జగన్‌మోహనరావు గారు, తంగిరాల సౌమ్య గారు. ఒకసారి ఆయన, ఒకసారి ఆమె. అంటే ఓటరు మొహమాటపడటం లేదు, కాదనుకుంటే దించేస్తున్నాడు. వాళ్లు సమర్థులు కారని నేననను. 2009లో మొదటిసారి ఓటేసిన పిల్లవాడికి ఇప్పుడు ముప్పై దాటాయి, పార్టీలో మూడో మనిషి మాట ఎలా ఉంటుందో అతనికి వినిపించనే లేదు. అదీ నా బాధ.

లోపల పోటీ పెడితే అక్కడ కూడా కవర్లు పంచుతారు, కులాల లెక్కలు తీస్తారు అంటారు. నిజమే. 2014లో కాంగ్రెస్ కొన్ని లోక్‌సభ స్థానాల్లో ఈ ప్రయోగం చేసింది. వడోదరలో నరేంద్ర రావత్ అలా గెలిచి అభ్యర్థి అయ్యారు. అక్కడికి మోదీ వచ్చేసరికి రావత్‌ను తప్పించి మధుసూదన్ మిస్త్రీని నిలబెట్టారు. పద్ధతిలో లోపాలున్నాయని ఎత్తేయడం వేరు, పెద్దమనిషి వచ్చాడని ఎత్తేయడం వేరు.

మనకు ఏకగ్రీవం అంటే ముద్దు. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవమైన ఊళ్లకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రభుత్వం నజరానా ప్రకటించింది. నిజంగా ఊరంతా ఒక్కమాట మీదుంటే ఎంతో మంచిది. మూతులు కట్టేసిన ఏకగ్రీవానికి కూడా అదే పేరు, అదే డబ్బు!

ఇక మన సంఘం. ప్రస్తుత అధ్యక్షులు మళ్లీ నిలబడితే ఇంకెవరి నామినేషనూ తీసుకోకూడదని నియమావళి సవరణ ఒకటి ఈ సాయంత్రం చర్చకు వస్తోంది. యాభై ఏళ్ల పండగ వేళ గొడవ ఎందుకని పెట్టినవాళ్ల ఉద్దేశం. అధ్యక్షులు నాకు ఆప్తులు, నా ఓటు కూడా వారికే. అయినా ఆ సవరణకు నేను వ్యతిరేకంగా చెయ్యి ఎత్తుతాను. ఈ మాట వారికి నిన్ననే చెప్పాను, నవ్వారు. నామినేషన్ కాగితాలు వెనక, కొత్త భవనం వరండాలో బల్ల మీద ఉన్నాయి. 4 గంటల దాకా ఇస్తారు.