దుఃఖమునకు ఆరుబయలు



దుఃఖసమయమున మనుష్యునకు ప్రకృతి ఏ విధముగా ఆసరా కాగలదో చెప్పుమని ఆదోని, ఎమ్మిగనూరు పురవాసులైన మీరు నన్ను కోరితిరి. మనోవైద్యము వృత్తిగా గల నాకు ఇది ప్రియమైన విషయమే గాని, ఈ సీమలో దీనిని గూర్చి మాటలాడుట అంత సులభము కాదు. కోనసీమలో నిలిచి ప్రకృతి కన్నతల్లి యనినచో వినువారు తల యూపుదురు. ఇచ్చట అట్లు కాదు. 1876 మొదలు 1878 వరకు సాగిన మహాక్షామమున బళ్ళారి, కర్నూలు మండలములు మాడిపోయినవి. 2009 అక్టోబరులో ఈ తుంగభద్రయే పొంగి మంత్రాలయమును ముంచివేసినది. వాన మొగము చాటువేసిన యేట ఈ పడమటి పల్లెల జనము ఇండ్లకు తాళములు బిగించి, పిల్లలను వెంటబెట్టుకొని, నేటికిని గుంటూరు దిక్కునకు సుగ్గికి, అనగా కూలి వలసకు, పోవుచున్నారు. ఏ ప్రకృతి మనలను ఏడ్పించినదో ఆ ప్రకృతియే ఓదార్చునని చెప్పుటకు నోరెట్లాడును?

ఈ ప్రశ్నకు సమాధానము మన యేటికి ఎగువన దొరకును. సీతను కోల్పోయిన రాముడు పంపాతీరమునకు చేరెను. ఆ పంప ఆనెగొంది చెంతనున్నదని మన పెద్దల నమ్మిక. ఆనెగొందిని, హంపిని ఒరసికొని ప్రవహించు నదియే కౌతాళము సీమ మీదుగా మంత్రాలయమునకు వచ్చుచున్నది. రాముడు పంపను చేరునప్పటికి వసంతకాలము. చెట్లు విరగబూచినవి, కోయిలలు కూయుచున్నవి, నెమలి తన పెంటితో ఆడుచున్నది. ఆ శోభను చూచిన రాముని దుఃఖము చల్లారినదని వాల్మీకి వ్రాయలేదు, రగిలినదని వ్రాసెను. తరువాత ప్రస్రవణగిరిపై వానకాలము నాలుగు మాసములు గడచినవి. ఆ మేఘములను, ఆ సెలయేళ్ళను చూచుచు, వానిని తమ్మునకు వర్ణించి చెప్పుచు, మధ్యమధ్య కంట తడిపెట్టుకొనుచు, శరత్తు వచ్చునప్పటికి రాముడు కార్యమునకు లేచి నిలిచెను. ఆ నాళ్ళన్నియు లక్ష్మణుడు ప్రక్కనే యుండెను.

మనోవైద్యుడనుగా నేనీ ఘట్టమును ఎన్ని పర్యాయములు చదివినను తలవంచి నమస్కరింతును. ఏలయన, నా యొద్దకు వచ్చు దుఃఖితుల వరుస సరిగా ఇదియే. భర్తను పోగొట్టుకొన్న యిల్లాలు ఉగాదినాటికి వాకిలి చూచి, “వేప పూసింది, ఆయన లేడు” అని కుమిలిపోవును. చెట్టు పూచుటయే ఆమెకు అన్యాయముగా తోచును. ఆ మొదటి దెబ్బకు వెనుదిరిగి తలుపు మూసికొన్నవారికి ప్రకృతివలన ఊరట కలుగదు. అందము మొదట గాయమును కెలకును. మరల మరల పోయి చూచినవానికే, అదియు తోడొకరు ఉన్నవానికే, నెమ్మది చేకూరును. ప్రకృతి శోకమును తుడిచివేయునను మాట నేను చెప్పను. శోకమునకు చోటిచ్చునని మాత్రము దృఢముగా చెప్పగలను.

కవుల సాక్ష్యము కూడ ఇదియే. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు 1920లో వైద్యమునకై రైలులో మన పొరుగుననున్న బళ్ళారికి పోవుచుండగా, దారిలోని ప్రకృతి ప్రేరణవలననే ‘కృష్ణపక్షము’ కావ్యము రూపు దాల్చినదని చెప్పుదురు. 1922లో ఆయనకు భార్యావియోగము కలిగెను. అటుపిమ్మట ఆయన కవిత్వమున విషాదము తగ్గలేదు, హెచ్చినది. అయినను ఆ విషాదమునకొక గొంతు దొరికినది.

ఇక శాస్త్రము. రేచెల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ అను అమెరికా దేశపు దంపతులు 1989లో వెలువరించిన గ్రంథమున ఒక సిద్ధాంతమును విపులముగా ప్రతిపాదించిరి. పట్టుబట్టి నిలుపవలసిన ఏకాగ్రత అలసిపోవును. ఆకుల కదలిక, మబ్బు నడక, నీటి తళుకు కంటిని శ్రమ లేకయే నిలుపును, ఆ కొంతసేపు బుద్ధికి విశ్రాంతి దొరకును. “ఆ రాత్రి ముందే ఆసుపత్రికి తీసికొనిపోయినచో” అను ఒక్క తలపు చుట్టే గిరగిర తిరుగుచున్న శోకార్తునకు ఆ విశ్రాంతి యెంత విలువైనదో అనుభవించినవారికే తెలియును. అంతకు పూర్వమే, 1984లో, రోజర్ ఉల్రిచ్ అను పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స పొందిన 46 మంది రోగుల వివరములను పోల్చిచూచెను. కిటికీనుండి చెట్లు కనబడినవారు, ఇటుకగోడ కనబడినవారికంటె త్వరగా ఇల్లు చేరిరి. బలమైన నొప్పిమందులును వారికి తక్కువ కావలసివచ్చెను. వారు రోగులే గాని శోకార్తులు కారు గనుక, దీనినుండి ఎక్కువ పిండుకొనరాదు. కంటికి కనబడు పచ్చదనము దేహముపైకూడ పనిచేయునని గ్రహించిన చాలును.

మనకు పచ్చదనమెక్కడిదని మీరడుగవచ్చును. పచ్చదనము లేనిచోటను చూడదగినది కలదు. నల్లరేగడి చేలను వేసవి తుదిలో దగ్గర కూర్చుండి చూచినారా? చెయ్యి దూరునంత నెర్రెలు విచ్చియుండును. ఆ మంటిలోని బంకకు తడి తగిలిన ఉబ్బుటయు, తడి ఆరిన కుంచించుకొనుటయు స్వభావము. తొలకరికి ముందు గాలికి పైమన్ను నెర్రెలలోనికి జారును. వాన పడగానే అడుగు ఉబ్బి నెర్రెల పెదవులు కలిసికొనును. రెండుమూడు పదనులకు నెర్రె ఉన్నచోటే తెలియదు. నేను దీనిని ఉపమానముగా చెప్పుటలేదు. గట్టుమీద కూర్చుండి దినదినము చూడదగినదిగా చెప్పుచున్నాను. ఆదోనివారికి రణమండల కొండ గుండ్లమీద తెల్లవారు వెలుగు కలదు, తుంగభద్ర దిగువ కాలువగట్టు కలదు. ఎమ్మిగనూరున, మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును స్థాపించిన యా యూర, గుంటమగ్గములో కాళ్ళుంచి పగలంతయు నీడలో గడపు నేతగానికి, వేకువజామున వీధిలో పడుగు చాచి, గంజి పట్టించి, నలుగురితో కలిసి కుంచెతో దువ్వు పని యుండెడిది. ఆ గాలి, ఆ వెలుతురు, ఆ నలుగురి మాట దుఃఖములోనున్నవానికి ఔషధమే. ఆ పని తగ్గిపోయినకొలది ఆ ఔషధమును తగ్గినది.

ఒక్క సంగతి కటువుగా చెప్పవలసియున్నది. మగవాడు శోకించిన నలుగురు చేయిపట్టి అరుగుమీదికి తెత్తురు. భర్త పోయిన స్త్రీని మాత్రము మూలగదిలో కూర్చుండబెట్టి, ఎదురుపడిన అపశకునమని తలుపు దాటనీయరు. ఎవరికి ఆకాశము అత్యవసరమో వారికే దానిని నిషేధించు ఈ ఆచారము క్రూరము. నేనెరిగిన వైద్యమునకు ఇది పూర్తిగా విరుద్ధము.

కావున మీకు నా విన్నపము. మీ వీధిలో చావు జరిగిన యింటికి పెద్దకర్మ ముగిసిన పిమ్మట పోవుడు. ఉపదేశములు వలదు. “అక్కా, పొద్దున కాలువదాకా నడిచొద్దాం రా” అని పిలువుడు. రాననిన మరునాడును పిలువుడు. నెలలు గడచినను నిద్రాహారములు లేక, చావు మాట పదేపదే ఎత్తువారికి కొండయు కాలువయు చాలవు. అట్టివారిని ఒంటరిగా విడువకుడు, ఇంటనున్న పురుగుమందు డబ్బాలను తొలగింపుడు, వైద్యుని యొద్దకు తీసికొనిపొండు. 2022 అక్టోబరు నుండి ప్రభుత్వమువారి టెలి మానస్ పనిచేయుచున్నది. 14416 సంఖ్యకు ఏ వేళనైనను, ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును.