చేతి బిగువు – ఒడలి కొలత



ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు గణవిభజనము నేర్పిన నేను నేడు ఉన్ని అల్లికను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోపవచ్చును. కావున అల్లికసూదులు నా చేతికి వచ్చిన కారణమును ముందుగా విన్నవించెదను.

నా సహధర్మచారిణి ఢిల్లీలో నున్న మా దౌహిత్రునికొఱకు చేతులు లేని స్వెట్టరు నొకదానిని అల్ల నారంభించినది. వెనుకభాగము పూర్తియయ్యెను. ముందుభాగము సగమైన దశలో ఆమె కాలధర్మము నొందినది. సూదులతోడనే ఆ అల్లిక బుట్టలో ఏడాది యుండెను. దానిని చూడను లేక, విప్పను లేక, తుదకు నేనే ముగింతునని నిశ్చయించి మా కోడలియొద్ద శిష్యరికము చేసితిని.

ఆమె ఆపినచోటనే మొదలిడి రెండంగుళములు అల్లితిని. పఱచి చూడగా గుండె కలుక్కుమన్నది. కుట్ల లెక్క తప్పలేదు. 65 కుట్లును ఉన్నవి. అయినను ఆమె అల్లినంతమేర 13 అంగుళములున్న వెడల్పు, నా చేతిలో 11 అంగుళములకు లోపునకు కుదించుకొనిపోయినది. కోడలు టేపు పెట్టి చూచి, "మామయ్యగారూ! అత్తయ్యగారి చేత నాలుగంగుళములకు 20 కుట్లు పడినవి. మీ చేత 24 పడుచున్నవి. మీరు ఉన్నిని సుద్దముక్కను పట్టినట్లు బిగబట్టుచున్నారు" అన్నది.

రహస్యమంతయు ఇందే యున్నది. నేతలో పడుగును మగ్గముమీద ముందే బిగించి యుంచుదురు. చేతి అల్లికలో నట్టి ఆధారము లేదు. ఒకే పోగును ఉచ్చులోనుండి ఉచ్చుగా లాగుటయే. ఆ ఉచ్చునే కుట్టు అందుము. దాని పరిమాణమును ఉన్ని లావు, సూది లావు, చేతి బిగువు అను మూడును కలిసి నిర్ణయించును. 1589లో ఇంగ్లాండున విలియం లీ అను నతడు మేజోళ్లు అల్లు యంత్రమును కల్పించెను. యంత్రమునకు అలసట లేదు, కోపము లేదు. మనుష్యుని చేయి అట్టిది కాదు. అదే ఉన్నిని, అవే సూదులను ఇద్దఱికిచ్చిన రెండు కొలతలు వచ్చును. గణములు సరియైనను చదువరిని బట్టి పద్యము నడక మాఱుట లేదా? ఇదియు నట్లే.

కావున ఏ వస్త్రమునకు పూనుకొన్నను, ముందుగా అదే ఉన్నితో, అవే సూదులతో ఆఱంగుళముల చదరపు తునుక నొకదానిని అల్లవలయును. దానిని ఉదికి, లాగక, చదునుగా పఱచి ఆఱనిచ్చి, అంచులు విడిచి, నడుమ నాలుగంగుళములలోని కుట్లను లెక్కింపవలయును. ఉదికిన పిదప ఉన్ని సాగవచ్చును, కుదియవచ్చును. ఉదుకక కొలిచిన కొలత నమ్మరానిది. కుట్లు ఎక్కువైనచో లావు సూదిని, తక్కువైనచో సన్నసూదిని గైకొనవలయును. పాత ఇంగ్లీషు లెక్కలో నంబరు పెరిగినకొలది సూది సన్నమగునని మఱవరాదు. చేతిని బలవంతముగా వదులు చేయుటకన్న సూదిని మార్చుట మేలు. తెచ్చిపెట్టుకొన్న వదులు పది వరుసలలో మఱల బిగిసిపోవును. నేను 3.25 మి.మీ. గల 10వ నంబరును విడిచి, 4 మి.మీ. గల 8వ నంబరును పట్టితిని. మూడవ తునుకకు 20 కుట్లు కుదిరినవి. అప్పుడు నా రెండంగుళములను మాత్రము విప్పి మఱల అల్లితిని.

ఇక ఒడలి కొలత. రొమ్ము చుట్టుకొలతకు రెండంగుళములు కలిపినగాని పిల్లవానికి ఊపిరాడదు. ఆమె 24 అంగుళముల రొమ్మునకు 26 అంగుళములు ఉద్దేశించి, సగమునకు 13 అంగుళములు, అంగుళమునకు 5 చొప్పున 65 కుట్లు వేసినది. కాని అల్లిక ఆగినట్లు బాలుని ఎదుగుదల ఆగదు గదా! ముందుభాగము ముగించి కొలత తెప్పింపగా రొమ్ము 26 అంగుళములని తెలిసినది. 28 కావలయును. అంతయు విప్పి మరల అల్లుట పద్ధతి. దానికి నాకు చేతులాడలేదు.

కోడలే ఉపాయము చెప్పినది. చంకల క్రిందినుండి అంచువఱకు, ప్రక్కకొకటిగా, 5 కుట్ల వెడల్పు గల పట్టీలు రెండు అల్లి, అంచునకంచు చేర్చి కుట్టితిమి. పది కుట్లు, అనగా రెండంగుళములు. అదే రంగు ఉన్ని కొన్నను అద్దకపు వాయి వేఱగుటచే పట్టీల ఛాయ ఒకింత ముదురైనది. కావలసిన ఉన్నినంతటిని, చీటీమీది వాయి నంబరు సరిచూచి, ఒకేమారు కొనవలయునని దీనివలన నేర్చితిని.

స్వెట్టరు సరిపోయినదని ఢిల్లీనుండి జాబు వచ్చినది. ఆమె చేయి ఎచ్చట ఆగినదో, నా చేయి ఎచ్చట మొదలైనదో బాలుడెఱుగడు. నేనెఱుగుదును, కాని టేపు పెట్టి చూచిన తేడా కానరాదు. శ్రోతలారా, తునుక అల్లుటకు పట్టు ఒక్క సాయంకాలమును వృథాయని యెంచకుడు. సెలవు.